ఆరో గుంత కాడ

పొద్దన ఐదున్నరకు మిషనెక్కుతా.
కూడేరు పక్క గుట్టల మీద గాలిమరలు
ఇంకా నిద్రమబ్బులోనే తిరుగుతాంటాయి.
ఈ కసువుకు పేరుండాది, బెర్ముడా అంట.
కంచెకు అవతలుండే కసువుకు పేరు లేదు,
అది మాఘంలోనే ఎండి గాలికి పాయె.

ఇంత పచ్చన యాడ్నుంచి వస్తాందని
విల్లాలు చూడొచ్చినోళ్లు అడుగుతారు.
నూటపన్నెండు ఇండ్లు.
వాళ్లు పోసుకున్న నీళ్లు, బట్టలుతికిన నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు
ఆఖరి వరస ఎనక తొట్టెల్లో తేటపడి
రాత్రి పదకొండుకు చిమ్ముగొట్టాల్లో లేస్తాయి.
ఉగాది తలంట్ల మరుసనాడు
మూడో గుంత చుట్టూ షాంపూ వాసనొచ్చిందంటే
సూపర్‌వైజరు ఈరన్న నగె.
"నీ ముక్కు తిక్కలది కుళ్లాయప్పా" అనె.

లోపలి చెట్లకు కాలం తెలీదు.
కడియం నుంచి లారీలో పండుకొని వచ్చి
ఈడ నిలబడినాయి, అంతే.
చైత్రమంటే మాకు
ఎండకు భయపడి ఏడున్నరకంతా ఆట ముగియడం,
గోడకవతలి కానగచెట్టు
రాత్రికి రాత్రి పూత రాల్చి పోవడం,
దాన్ని నేను బ్లోయరుతో ఊదేయడం.

ఈయేడు ఆరో గుంతకు పొయ్యే దోవలో
ఒక చిమ్ముగొట్టం మూతి పూడిపాయె.
మూడు దినాలు చెప్పలేదు నేను. మర్చిపోతి.
మంచం పట్టే జాగా మాడి
కింద ఎర్రగరుసు బయటపడె.
శెనక్కాయ వేసేటప్పుడు
ఇదే గరుసు నా కాళ్ల పగుళ్లలో ఉండేది.

ఆడికి పోతానే తీతువు పిట్ట ఉరికొచ్చె.
రెక్కలు పరిచి, అరిచి, టైర్లకు అడ్డం నిలబడె.
దిగి చూస్తి.
గూడు లేదు, పుల్ల లేదు.
నాలుగు గుడ్లు, మొనలు లోపలికి పెట్టుకొని,
గరుసులో గరుసు మాదిరి.
ఎనభై ఎకరాల పచ్చన ఇడిసిపెట్టి
నేను మర్చిపోయిన జాగాను ఏరుకొనింది.

నాలుగు కడ్డీలు నాటి తెల్లదారం కడితి.
ఈరన్న అరిచె. ఆనక ఆయనే బోర్డు రాయించె:
బాలు ఈడ పడితే చేత్తో తీసి అవతల పెట్టుకోవచ్చు,
దెబ్బ లెక్కలోకి రాదు.

ముప్పై ఏడో నంబరు హేమలతమ్మకు నచ్చలేదు.
తీతువు అరిస్తే కీడంట.
ఇంట్లో ఆయనకు వచ్చేనెల బెంగుళూరులో గుండె ఆపరేషనంట.
"ఎత్తి కంచెకవతల పెట్టు, ఐదువేలిస్తా" అనె.
ముట్టుకుంటే తల్లి మళ్లా రాదమ్మా అంటి.
అది నిజమో కాదో నాకు తెలీదు.

ఆ ఇంటాయన, ఇంజనీరు రంగనాయకులు సారు,
ఒకదినం కొట్టిన బాలు దొర్లి దొర్లి
గుడ్లకు జానెడు దూరంలో ఆగె,
తెల్లగా, ఐదోది మాదిరి.
వంగబోతే పిట్ట ఆయన బూటును పొడిచె.
ఎన్ని కాలవలు తవ్వించినాడో ఆ మనిషి,
టోపీ తీసి, రెండడుగులు ఎనక్కేసి,
"సరే తల్లీ, ఉంచుకో" అనె.

దినదినానికి ఎండ ముదిరె.
మిట్టమధ్యాహ్నం పిట్ట యాడ్నో
కడుపు తడుపుకొనొచ్చి గుడ్ల మీద నిలబడేది.
ఏ ఇంటి స్నానం నీళ్లో అవి.

ఇరవై ఎనిమిదో దినమో, తొమ్మిదో దినమో,
నేను పొయ్యేసరికి పెంకులున్నాయి, బాలుంది.
పుట్టిన దినమే నడుస్తాయంట పిల్లలు.
కంచె కింద సందు చానా చిన్నది,
వాటికి సరిపోయినట్టుండాది.
గొట్టానికి కొత్త మూతేసిరి.
పదిదినాల్లో మాడిందంతా పచ్చనాయె,
ఇప్పుడు చూపించమంటే నేనూ చూపించలేను.

నిన్న సందేల హేమలతమ్మ దోవలో ఆపి అడిగె,
అది అరవడంలేదే, ఏమాయెనని.
అవతల సేన్లో ఉంటాదిలేమ్మా అంటి.
సారుకు ఎట్లుందని అడగాల్సింది.
అడగలేదు. ఆయమ్మా చెప్పలేదు.
కంచె పక్కకు మొగం తిప్పి
రోంతసేపు అట్లే నిలబడె.
మిషను శబ్దానికి వినపడదేమోనని
ఆపితి.